పంకా కింద గాజు పళ్లెం

అంచు ముడుచుకుంది, ఎండలో పరిచిన అప్పడం అంచు లేచినట్టు ముడుచుకుంది, గాజును అంటిపెట్టుకుని ఉండాల్సిన జిగురు గాజును వదిలేసి లోపలికి జరిగింది, ఇన్నాళ్లూ తను చూడలేదా, చూసింది, చూస్తూనే చుక్కలు లెక్కపెట్టింది, చుక్కలు లేనప్పుడు ఇంక చూడ్డానికి ఏముంటుందని పళ్లెం పక్కన పెట్టేసింది, తప్పు అక్కడే జరిగింది అనుకుంటూ కృపమణి మిషను ఆసుపత్రి వరండాలో వడివడిగా నడుస్తోంది, రెండు చేతుల్లో ఇత్తడి తాంబాళం, దాంట్లో ఉడికించిన గుడ్డ కప్పిన గాజు పళ్లేలు, తొందరపడకు, తట్టుకుని పడితే మళ్లీ గొర్రె నెత్తురు తెప్పించి, మాంసం రసం కాచి, ఈ జిగురు పోసేసరికి కాన్పుకు వచ్చిన గంగక్క ఆపరేషను అయిపోతుంది, అయిపోయాక ఎవరికి చెప్పి ఏం లాభం, గోడ అవతల లారీ పోయింది, కర్నూలు రాజధాని అయింది మొదలు పొద్దస్తమానం లారీలే, జీపులే, గుడారాల్లో ఆఫీసులంట, గుమాస్తాలకు గుడారాలంట, లేచిన దుమ్ము కిందికి దిగడమే మరిచిపోయింది, చివరికి ఎక్కడ దిగుతుంది అది, దిగకుండా ఎక్కడికి పోతుంది.

ఈ పళ్లేల సంగతి మద్రాసులో నేర్చుకుంది తను, ప్రయోగశాల చదువు చదివేటప్పుడు, మూత తీసి గదిలో పెట్టమ్మా, గాలిలోంచి రాలిన క్రిమి ఈ జిగురు మీద పడి దాన్నే తిని పెరుగుతుంది, వెచ్చటి పెట్టెలో ఉంచితే మర్నాటికి పడిన చోటల్లా చుక్క లేస్తుంది, ఒక్కో చుక్క ఒక్కో క్రిమి పెట్టుకున్న కాపురం అనుకో అని అక్కడి పంతులమ్మ చెప్పింది, ఎంత తేలికగా అర్థమైంది అప్పుడు, చుక్కలుంటే మురికి, లేకుంటే శుభ్రం, అంతే, ఆ రెండు మాటలు పట్టుకుని వచ్చి ఈ ఆసుపత్రిలో ల్యాబు నడుపుతోంది, డాక్టర్ ఆనందం గారు తన మాట వింటారు, వినడమే ప్రాణం మీదికి వచ్చింది, వినకుండా ఉంటే బాగుండేదా, కాదు, తను సరిగా చెప్పి ఉంటే బాగుండేది.

రామేశ్వరమ్మ, డోను నుంచి వచ్చిన మనిషి, పెద్దాపరేషను చేసి బిడ్డను తీశారు, బిడ్డ బాగుంది, తల్లి కూడా లేచి కూర్చుని, ఈ పిల్ల ముక్కు వాళ్ల నాయనదే సూడమ్మా అని నవ్వింది, ఆ తర్వాత కుట్ల దగ్గర ఎర్రబడింది, చీము, జ్వరం, పెన్సిలిన్ పొడిచారు, మళ్లీ పొడిచారు, కట్టు విప్పినప్పుడల్లా ఆ వాసన, చివరికి వాళ్లమ్మ బిడ్డను ఒళ్లో వేసుకుని బండెక్కి పోయింది, కూతురు లేకుండా, ఆమె ఒక్క మాట కూడా అనలేదు ఎవర్నీ, తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది, ఆమె పోయిన పొద్దే డాక్టరు ల్యాబుకు వచ్చి గుమ్మంలో నిలబడి అన్నాడు, కృపమణీ, నా చేతుల్లో లోపం ఉంటే అదన్నా చెప్పు, గదిలో ఉంటే అదన్నా చెప్పు, ఊరికే మాత్రం ఉండొద్దు, అప్పుడు పెట్టింది పళ్లేలు, ఆపరేషను బల్ల దగ్గర పంకా కింద ఒకటి, నీళ్ల బకెట్లు ఉండే మూలలో ఒకటి, మొదటి కోత నుంచి చివరి కుట్టు దాకా మూత తీసే ఉంచింది, ఎంత ఎక్కువ సేపు పెడితే అంత బాగా తెలుస్తుందనుకుంది, మర్నాడు చూస్తే మూలలోది గసాలు చల్లినట్టుంది, పంకా కిందిది అద్దంలా ఉంది, అద్దంలా, ఆ మాట తనే అన్నది అందరి ముందర, బల్ల దగ్గర గాలి అద్దంలా ఉంది డాక్టరుగారూ, మురికంతా మూలలోనే ఉంది.

మూల నాగక్కది. ఆ గది కడిగే మనిషి నాగక్క, మూల కడగాల్సింది ఆమె, అందుకని ఆమెను తీసుకుపోయి చాకిరేవులో దుప్పట్లు ఉతికే పనిలో వేశారు, ఎవరూ అరవలేదు, నర్సు విశ్వాసమ్మ సిస్టరే నిదానంగా చెప్పింది, కొన్నాళ్లు ఆ పని చూడు నాగక్కా అని, నాగక్క నేరుగా ల్యాబుకొచ్చి రెండు చేతులూ బల్ల మీద పెట్టింది, నేను కడగలేదంటావా కృపమణమ్మా, సూడు నా చేతులు, ఫినాయిలుకు తోలు ఊడిపోయుండాది, ఆ ఆడకూతురు సచ్చిపోయింది నా వల్లనే అంటాండారు గదా మీరంతా, నువ్వు సెప్పు, నువ్వు సెప్తే నమ్ముతా, అంటే తను ఏం చెప్పింది, పళ్లెం చెప్పింది నాగక్కా, నేను కాదు అన్నది, ఎంత చక్కగా తప్పుకుంది, పళ్లెం చెప్పిందంట, పళ్లేనికి నోరుందా, నోరు తనది.

వరండా చివర మెట్ల మీద గంగక్క మొగుడు సుంకన్న కూర్చుని ఉన్నాడు, తలగుడ్డ విప్పి మోకాళ్ల మీద వేసుకున్నాడు, ఆలూరు దాటి ఎక్కడో వాళ్ల ఊరు, బిడ్డ అడ్డం తిరిగి ఎటూ రాకపోతే బండి మీద, ఆ తర్వాత బస్సు మీద ఆమెను పడుకోబెట్టి తెచ్చాడు, లేచి నిలబడ్డాడు తనను చూసి, ఏమమ్మా, ఆ తాంబాళంలో ఉండేది మందా, అన్నాడు, మందు కాదప్పా, గాలి ఎట్లుండాదో చూసేది, గాలా, గాలికేమైంది, మా ఇంటామెకు బాగైతాది గదమ్మా, ఒక్క మాట సెప్పు, నిన్నటి దాకా అయితే ఆగకుండా అనేసేది, అవుతాదప్పా, దేవుడున్నాడు అని, ఈ పొద్దు చూస్తాండామప్పా, చేతనైనంతా చేస్తాం అని మాత్రం అన్నది, సుంకన్న మొహం వాడిపోయింది, వాడిపోనీ, అబద్ధంతో తేరుకునే మొహం కన్నా ఇది మేలు, కాదు, మేలేం కాదు, అతనికేం మేలు, పద, గది దగ్గరికి పద.

అసలు నిన్న కాక మొన్న పంకా కింద పెట్టిన ఆ పళ్లేన్ని కడగబోతూ వేలితో తాకింది కాబట్టి తెలిసింది, తేమే లేదు, చెప్పు అడుగు తోలులా ఉంది, నాయన శాంతయ్య గుర్తొచ్చాడు, పత్తికొండ పక్క చేనులో వాన పదును లేని ఏడాది కొర్ర విత్తి, గట్టు మీద కూర్చుని, విత్తనం మంచిదే పాపా, నేలకే నోరు ఎండిపోయిందన్నాడు, ఆ ఏడు చేలో కలుపు కూడా మొలవలేదు, చూసినోళ్లు కలుపు లేని చేను అని మెచ్చుకుంటారా, తను మెచ్చుకుంది, అద్దంలా ఉందని మెచ్చుకుంది, అప్పుడు కూర్చుని ఆలోచిస్తే తోచింది, పంకా గాలి ఆపకుండా కొడుతూ ఉంటే జిగురు ఎండుతుంది, ఎండిన దాని మీద క్రిమి పడినా మొలవదు, ఇంకొకటి, ఆ వేగానికి సన్నటి దుమ్ము పళ్లెం మీద నిలవనే నిలవదు, తూర్పారబట్టేటప్పుడు పొట్టు గాలి ఆగిన చోటికి పోయి పడ్డట్టు, పోయి గాలి ఆడని మూలలో పడుతుంది, నాగక్క మూలలో, ఇదంతా ఊహే, ఊహతో డాక్టరు దగ్గరికి పోతే ఎట్లా, ఒకసారి ఊహతోనే పోయింది కదా, అందుకని ఖాళీ గదిలో పంకా కింద ఒక కొత్త పళ్లెం ఆపరేషనంత సేపు ఉంచి తెచ్చింది, మూత తీయని పళ్లెం ఇంకొకటి పక్కన పెట్టుకుంది, సెగగడ్డ కోయించుకున్న ఒకాయన చీమును ఉడికించిన నీళ్లలో బాగా పలచన చేసి, అదే గొట్టంతో రెంటి మీదా ఒక్కొక్క బొట్టు వేసి పులిమింది, ఈ పొద్దున పెట్టె తెరిచి చూస్తే మూత తీయనిది ఇసక పోసినట్టు నిండింది, పంకా కింద ఉంచింది ఎక్కడో ఒక చుక్క, ఇంకెక్కడో ఒక చుక్క, అంచు ముడుచుకుని.

డాక్టర్ ఆనందం మోచేతుల దాకా సబ్బు నురగతో తొట్టి దగ్గర నిలబడి ఉన్నాడు, విశ్వాసమ్మ సిస్టరు గడియారం చూస్తోంది, లోపల గంగక్క మూలుగు, ఏం కృపమణీ, ఇప్పుడా, అన్నాడు తల తిప్పకుండా, ఇప్పుడే డాక్టరుగారూ, పంకా ఆపాల, అన్నది తను, ఊపిరి తీసుకోకుండా అనేసింది, సిస్టరు నోరు తెరిచింది, పంకా ఆపాలా, ఈ ఎండలోనా, అన్నది, డాక్టరు చేతులు రుద్దుకుంటూనే ఉన్నాడు, బల్ల దగ్గర శుభ్రమని చెప్పింది నువ్వే గదా, చెప్పినాను, తప్పు చెప్పినాను, అయితే ఇప్పుడు మురికంటావా, అదీ తెలీదు డాక్టరుగారూ, తెలీదా, అన్నాడు, ఈసారి తిరిగాడు, తెలీని దానికి నేను పంకా ఆపల్లా, పోయినేడు ఎండలకు కోత మధ్యలో కళ్లు తిరిగినాయి నాకు, సిస్టరమ్మ పట్టుకోకుంటే పేషెంటు మీద పడుండేవాణ్ని, నా చెమట ఆమె కడుపులో పడితే అది మురికి కాదా, అందుకనే గదా నేను ఈ రాజధాని పనులు చేసే గుత్తేదారు దగ్గర పోయి అడిగి పంకా తెచ్చుకునింది, ఆయన మాటలో అబద్ధం లేదు, ఒక్కటి కూడా లేదు, అదే కష్టం, అబద్ధమైతే ఎదురు చెప్పడం సులువు, ఆ రోజు ఆయన మొహం సున్నంలా పాలిపోవడం తనూ చూసింది, ఊరికే వెనక్కి పోదామా, రేపు చెప్పవచ్చు, ఈ ఒక్క ఆపరేషను అయ్యాక, రామేశ్వరమ్మకు ఆ రేపు మిగిలిందా, ముక్కు వాళ్ల నాయనదే సూడమ్మా, పోకూడదు, కదలకూడదు, కాళ్లూ, కదలొద్దు.

గుడ్డ తీసి రెండు పళ్లేలూ ఆయన కళ్ల ముందు పెట్టింది, రెండిట్లో ఒకే బొట్టు వేసినాను డాక్టరుగారూ, ఇది మూతేసి ఉండింది, ఇది పంకా కింద ఉండింది, అంతే తేడా, ఆయన తడి చేతులు పైకెత్తుకుని వంగి చూశాడు, వెలుతురుకు అటు తిప్పు అన్నాడు, తిప్పింది, ఇంకోపారి చేసినావా అన్నాడు, లేదు, ఒక్కపారే, ఈ పొద్దే చూసినాను, ఒక్కపారి చేసిన దానికి వచ్చినావా అన్నాడు, వచ్చినాను, గంగక్క రేపటి దాకా ఆగదు గదా, అని, ఇంకేం చెప్పాలో తోచక, తోచిందే అనేసింది, పళ్లెం ఎండిపోతాది డాక్టరుగారూ, తెరిచిన కడుపు ఎండదు గదా, వెచ్చగా, తడిగా, లోతుగా ఉంటాది, దాని మీద పడింది పడినట్టు మొలుస్తాది.

సబ్బు నురగ ఆయన మోచేతుల మీంచి జారి నేల మీద పడుతోంది, లోపల గంగక్క అమ్మా అని అరిచింది, అంత పెద్ద అరుపుకు మెట్ల మీద సుంకన్న లేచి ఉంటాడు, చేతులు వణికితే నాది పూచీ కాదు కృపమణీ అన్నాడు డాక్టరు, నాదే అన్నది తను, నాది పూచీ, ఎంత ధైర్యమే నీకు అని లోపలెవరో అన్నారు, ఎవరూ కాదు, తనే, ఆయన సిస్టరు వైపు తిరిగి ఆపండమ్మా అన్నాడు, విశ్వాసమ్మ ఒక్క క్షణం తనను గుచ్చి చూసింది, చూసి, సరే అయితే తడిగుడ్డ పట్టుకోని నేను ఆయన పక్కనే నిలబడుకుంటా, చెమట కిందికి పడనియ్యను, అని పోయి మీట నొక్కింది.

పంకా వెంటనే ఆగలేదు, గిరగిరా తిరిగి, నెమ్మదించి, రెక్కలు విడివిడిగా కనిపించసాగాయి, ఆగిపోయాక చూశారు ముగ్గురూ, రెక్కల అంచుల పొడుగునా నల్లటి మసి మందంగా పేరుకుని ఉంది, తిరుగుతున్నంత కాలం కనపడలేదు అది, డాక్టరు తల పైకెత్తి చూసి చేతులు కడుక్కున్నాడు, వెన్నులో మత్తుసూది వేశారు గంగక్కకు, కత్తి అందుకున్నాడు ఆయన, ఆమె మెలకువగానే ఉంది, ఏం చేస్తాండారమ్మా అని అడుగుతోంది, ఏమీ లేదక్కా, బిడ్డను పిలుస్తాండాం అన్నది విశ్వాసమ్మ, వేడి, గోడల్లోంచి, రేకు పైకప్పు మీంచి, తన వీపు మీద చీమలు పాకినట్టు చెమట, డాక్టరు నుదుటి మీద నీళ్లు పుట్టడం, అవి కనుబొమ దాటేలోపల తడిగుడ్డ రావడం, మళ్లీ పుట్టడం, తను బల్ల పక్కన స్టూలు మీద పళ్లెం మూత తీసి కాసేపు ఉంచి మూసింది, ఇంకొకటి తీసింది, ఏదీ ఎండే దాకా ఉంచకూడదు, ఎండకముందే మార్చాలి, మద్రాసులో ఎవరూ ఎండడం గురించి చెప్పలేదా, చెప్పే ఉంటారు, అక్కడి గదుల్లో సముద్రపు తేమ ఉండేది, ఈడ గాలికి దాహం, ఆయన చెయ్యి వణుకుతోందా, లేదు, గంగక్క లోపల నిదానంగా తిరుగుతోంది, వచ్చింది బిడ్డ, జారుడుగా, నీలంగా, తలకిందులుగా, ఏడవదేం, ఏడవదేం, విశ్వాసమ్మ తడిగుడ్డ కృపమణి చేతిలోకి విసిరి బిడ్డను అందుకుంది, అరికాలు మీద చిటికె వేసింది, ఏడ్చింది, పిల్లిపిల్లలా మొదలుపెట్టి గది అదిరేటట్టు ఏడ్చింది, ఆడపిల్ల, చివరి కుట్టు పడ్డాక డాక్టరు బయటికి పోయి వరండా నేల మీద చతికిలబడ్డాడు, చొక్కా ఒంటికి అంటుకుపోయింది, ఎవరో చెంబుతో మజ్జిగ ఇస్తే గటగటా తాగి, తన వైపు చూసి, మళ్లీ ఇట్లా నా వల్ల కాదు, తొందరగా తేల్చు అన్నాడు.

మర్నాడు పెట్టె తలుపు తెరిచింది, బల్ల పక్కన పెట్టిన పళ్లేల నిండా చుక్కలు, తెల్లనివి, పసుపువి, పసుపు వాటి చుట్టూ నెత్తురు కరిగి తేటపడిన వలయం, అది చెడ్డ జాతి, దాన్ని తను ఎరుగును, రామేశ్వరమ్మ కట్టులో చూసింది దాన్నే, పంకా ఆపితే ఇంత పడిందా, తనే ఆపించి గంగక్క కడుపు మీద ఇదంతా పోయించిందా, వెనక నుంచి విశ్వాసమ్మ తొంగిచూసి సరిగ్గా అదే మాట అన్నది, సూడు కృపమణీ, పంకా ఉన్నన్నాళ్లు ఒక్క చుక్క లేదు, ఆపిన పొద్దే ఇట్లొచ్చింది, మురికి గాలిని తోసేసేది ఆ పంకానే ఏమో, అని, ఉండొచ్చు, కావచ్చు, తన ఊహ తప్పు కావచ్చు, ఒకసారి తప్పిన మనిషి రెండోసారీ తప్పవచ్చు, ఏడిస్తే ఏం తెలుస్తుంది, ఏడవడానికి తర్వాత పొద్దుంటుంది, ఇప్పుడు చూడాల్సింది ఒకటే, పంకా తిప్పాలి, తిప్పి, ఈసారి ఎండకముందే పళ్లేలు మార్చాలి.

చాకిరేవుకు తనే పోయింది, నాగక్క బండ మీద దుప్పటి బాదుతోంది, తనను చూసి ఆపలేదు, నాగక్కా, నేను చెప్పింది తప్పేమో, తేల్చుకోవాల, గది తీసి నాతో నిలబడతావా అన్నది, నాగక్క దుప్పటి పిండి ఆరేసి, కొంగుతో మొహం తుడుచుకుని, తేల్చుకుంటే మళ్లా నాదే తప్పంటే, అన్నది, అంటే నీ ముందరే అంటాను, పళ్లెం మీద పెట్టను, అన్నది తను, పా, పోదాం అన్నది నాగక్క, ఇద్దరూ ఆ మధ్యాహ్నం ఖాళీ గదిలో పంకా తిప్పి కూర్చున్నారు, నాగక్క మూల పళ్లేలు, తను బల్ల దగ్గరి పళ్లేలు, తేమ ఆరకముందే మూయడం, కొత్తది తెరవడం, మళ్లీ మూయడం, ఒక్కటి మాత్రం ముందులాగే మొదటి నుంచి చివరి దాకా పంకా కింద వదిలేశారు, తెల్లారి ల్యాబులో నాగక్క, సిస్టరు, డాక్టరు ముగ్గురూ నిలబడ్డారు, వదిలేసిన పళ్లెం అద్దంలా ఉంది, అంచు ముడుచుకుని, అదే పంకా కింద, అదే పొద్దు, మారుస్తూ పోయిన వాటిలో చుక్కలున్నాయి, మూలలో కంటే కొంచెం తక్కువే కానీ ఉన్నాయి, ప్రతి దాంట్లో ఉన్నాయి, పసుపువి కూడా ఉన్నాయి, మురికి మూలలో పుట్టలేదు, గది అంతా ఒకటే గాలి, బయటి దుమ్ము, వార్డు నుంచి పేషెంట్ల మీద కప్పుకొచ్చే దుప్పట్ల నూగు, అన్నిటినీ పంకా లేపి తిప్పుతోంది, నాగక్కా, నీ మూలది కాదు, నేను తప్పు చెప్పినాను అన్నది అందరి ముందర, ముందు ఏ గొంతుతో అద్దంలా ఉందని చెప్పిందో ఆ గొంతుతోనే, నాగక్క ఏడ్వలేదు, నవ్వలేదు, అయితే నా బకెట్లు యాడ పెట్టినారు అన్నది సిస్టరుతో.

ఇంక పని, పని ఉంటే మనసు నిలుస్తుంది, పంకాను విప్పించి వరండాలో బిగించారు, డాక్టరు కోతకు ముందూ తర్వాతా దాని కింద కూర్చోవడానికి, గుత్తేదారుకు కోపం వస్తే నేను చూసుకుంటానన్నాడాయన, ఎండ ముదరకముందే తెల్లవారుజామున ఆపరేషన్లు పెడదామన్నాడు, వార్డు దుప్పట్లు గుమ్మం దాటి రాకూడదని విశ్వాసమ్మ సిస్టరు కర్ర పట్టుకున్నంత పని చేస్తోంది, కిటికీలకు తడి గోనెలు కట్టింది నాగక్క, గంగక్క కుట్ల దగ్గర ఒక పక్క ఎర్రబడినప్పుడు తను అన్నం మానేసింది, ఆ ఎరుపు రెండు మూడు కట్లకు తగ్గిపోయింది, కుట్లు విప్పిన రోజు సుంకన్న తలగుడ్డ చుట్టుకుని, పిల్లను ఎత్తుకుని, మా ఇంటామెకు శానా బాగైందమ్మా, మీ గాలి మంచిదే అన్నాడు, ఇంకా మంచిది కాలేదప్పా, చేస్తాండాం, అన్నది తను, అతనికి అర్థం కాలేదు, నవ్వి పోయాడు బండి వైపు.

ఒక్క గంగక్క బాగైతే గది బాగైనట్టు కాదు, ఆ సంగతి తెలుసు, రామేశ్వరమ్మ తల్లి ఒళ్లోంచి ఆ బిడ్డను ఎవరూ దించలేరు, అదీ తెలుసు, ఈ పొద్దు పెట్టెలోంచి తీసిన పళ్లెంలో చుక్కలు బాగా తగ్గాయి, నాలుగో అయిదో ఉన్నాయి, మునుపైతే సంతోషంతో డాక్టరు దగ్గరికి పరిగెత్తేది, ఇప్పుడు కాళ్లు కదల్లేదు, చెయ్యి కదిలింది, పలచన చేసిన చీము గొట్టం వైపు కదిలింది, చుక్కలు లేని చోట ఒక బొట్టు వేసి పులిమింది, మళ్లీ పెట్టెలో పెట్టి తలుపు మూసింది, రేపు ఇక్కడ దట్టంగా మొలిస్తే అప్పుడు నమ్ముతుంది ఈ తగ్గడాన్ని, మొలవకపోతే నమ్మదు, ఎంత అందంగా ఉన్నా నమ్మదు, నిండిన పళ్లెం చూసి ఇన్నాళ్లు భయపడింది కానీ నిండిన పళ్లెం ఏనాడూ తనకు అబద్ధం చెప్పలేదు, రామేశ్వరమ్మ చావుకు కారణం వెతికినప్పుడు, నాగక్క మీద తప్పు వేసినప్పుడు తనను ముంచింది ఏమీ లేని పళ్లెమే, ఏమీ కనపడనప్పుడు గాలిని మెచ్చుకునే ముందు ఆ పళ్లేన్ని అడగాలి, నీ మీద పడి ఉంటే మొలిచేదా అని, అది అవునన్నాకే తను నోరు విప్పాలి.